కూలి అనే మాట

(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం)



భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు క్రియాధాతువుల మీద చేసిన పరిశోధన 1961లో పుస్తకంగా వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వెలువడింది. అది వ్యవసాయ పదాల సంపుటం. మూలద్రావిడం లోతులు చూసిన మనిషి, అంతే శ్రద్ధగా కాడికీ మేడికీ కర్రుకూ ఏ జిల్లాలో ఏ పేరుందో పని చేసేవాళ్ల నోటనే వినాలని పట్టుబట్టారు. పొలంలో తిరిగే మాటకు పండితుల సభలో పీట వేశారు. ఆయన్ని తలుచుకోవడానికి నేనూ పొలం గట్టు మీది మాటనే ఒకదాన్ని ఎంచుకున్నాను. రెండక్షరాల మాట: కూలి.

ఈ మాట ఇవాళ ఇంగ్లీషులో ఉంది, ఫ్రెంచిలో ఉంది, డచ్చి, జర్మన్ భాషల్లో ఉంది. చైనాలో ఉంది, వియత్నాంలో ఉంది, ఇండోనేషియాలో ఉంది. కొన్ని దేశాల్లో అది నోటితో అనకూడని తిట్టు. ఒక దేశంలో పిల్లలు బడికి తీసుకుపోయే కలం పేరు. మన దగ్గర కష్టానికి దక్కే ప్రతిఫలం. ఇంత దూరం ఎలా జరిగిందో వెతకడమే ఈ ఉపన్యాసం. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కూలి అంటే మొదట మనిషి కాదు, మనిషికి రావలసిన సొమ్ము. ఆ సొమ్మును మాటలోంచి లాగేసి మనిషిని మాత్రం మిగిల్చిన చోటల్లా అది తిట్టయి కూర్చుంది.

ముందు ఇంటి సంగతి చూద్దాం. కూలికి పోతున్నాం. కూలి గిట్టడం లేదు. వాన పడి రెండు రోజుల కూలి పోయింది. మీ వైపు నాట్ల కూలి ఎంత నడుస్తోంది? ఎత్తుడు కూలి ఎవరిది, దించుడు కూలి ఎవరిది? ఈ వాక్యాలన్నింటిలో కూలి అంటే డబ్బు, లేదా డబ్బుకు బదులు కొలిచి పోసిన గింజలు. మనిషిని చెప్పాలంటే ఇంకో ముక్క తగిలించాలి: కూలివాడు, కూలిమనిషి, కూలిజనం. బ్రౌన్ దొర నిఘంటువు తీసి చూసినా కూలికి చెప్పిన అర్థం వేతనం, బాడుగ అనే.

మరి 'కూలీ' అని దీర్ఘం తీసేది ఎందుకు? పత్రికల్లో వ్యవసాయ కూలీలు, వలస కూలీలు, ఉపాధి హామీ కూలీలు అని రోజూ చదువుతాం. "కూలి ఇచ్చారా?" అంటే సొమ్ము మాట. "కూలీలు వచ్చారా?" అంటే మనుషుల మాట. హ్రస్వానికి డబ్బు, దీర్ఘానికి మనిషి. ఈ పంపకాన్ని అందరూ అన్నివేళలా పాటించరు గాని, చెవిపెట్టి వింటే తెలుస్తుంది. ఈ దీర్ఘం మన ఇంట పుట్టింది కాదని నా ఊహ. మన మాటే బయటికి పోయి, హిందుస్తానీ నోళ్లలోనూ రైల్వే స్టేషన్లలోనూ దొరల కచేరీల్లోనూ మనిషి పేరుగా మారి, చివర అక్షరం సాగదీసుకుని తిరిగి వచ్చింది. వచ్చినదాన్ని మనం కాదనలేదు. పాత కూలిని వదులుకోనూ లేదు. రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి.

దక్షిణాది చుట్టాలన్నీ సొమ్మువైపే నిలబడ్డాయి. తమిళ కూలి, కన్నడ కూలి, మలయాళ కూలి, అన్నింటికీ వేతనమే మొదటి అర్థం. తిరుక్కురళ్‌లో 619వ కురళ్ ఈ మాటను ఒళ్లు వంచి చేసిన ప్రయత్నానికి దక్కే ఫలం అనే అర్థంలో వాడింది. అంటే ఈ మాట కనీసం అంత పాతది. పైగా అంత గౌరవంగా, నీతిగ్రంథం నడుమ కూర్చున్న మాట. సముద్రం దాటి సింహళంలోకి పోయిన 'కులియ' ఇప్పటికీ అద్దె, బాడుగ అనే అర్థాన్నే మోస్తోంది. కొలంబోలో ఇంటి అద్దెను ఆ మాటతోనే అడుగుతారు.

ఇక్కడ చాలామందికి ఒక ఆశ పుడుతుంది. కూలికీ కూడుకూ చుట్టరికం కలిపితే ఎంత బాగుంటుంది! కోటి విద్యలు కూటి కొరకే అన్నారు కదా, పాతకాలపు కూలి గింజల్లోనే ముట్టేది కదా! అర్థం చక్కగా అతుకుతుంది. కానీ కృష్ణమూర్తి గారి సభలో అర్థాన్ని మాత్రమే నమ్ముకుని చుట్టరికం కలపకూడదు. ధ్వని ఒప్పుకోవాలి. తమిళంలో ఒక ప్రత్యేకమైన అక్షరం ఉంది, మనకు ళకారంలా వినిపిస్తుంది. అది తెలుగుకు వచ్చేసరికి మాట నడుమ డకారమవుతుంది. వాళ్ల ఏళు మన ఏడు. వాళ్ల కోళి మన కోడి. వాళ్ల కూళు, అంటే గంజి, మన కూడు. ఇది బాగా స్థిరపడిన సూత్రం. కూలి అలా కాదు. నాలుగు భాషల్లోనూ ఒకే లకారం, ఎక్కడా డకారం జాడ లేదు. కనుక కూడు వేరు, కూలి వేరు. రెండూ ఒకే మనిషి బతుకులో రోజూ కలుసుకుంటున్నా పుట్టుక ఒకటి కాదు.

ఇంగ్లీషు మాట ఎక్కడినుంచి వచ్చిందన్నది వేరే తగవు. దానికి ముగ్గురు హక్కుదారులు ఉన్నారు.

మొదటిది గుజరాత్, కొంకణ తీరాల కోలీలు. ముంబయి దీవులకు ముందునుంచీ ఉన్న బెస్తవారు వాళ్లే, కోలీవాడ అన్న పేరు వాళ్లదే. పోర్చుగీసువాళ్ల 16వ శతాబ్దపు రాతల్లో ఈ జాతి పేరు కనిపిస్తుంది. 1886లో యూల్, బర్నెల్ కలిసి తెచ్చిన ప్రసిద్ధ కోశం హాబ్సన్-జాబ్సన్ తమిళ కూలిని ప్రస్తావిస్తూనే, మొగ్గు మాత్రం కోలీలవైపు చూపింది. రెండోది మన కూలి. ఆక్స్‌ఫర్డ్ వారి నిఘంటువుల్లో ఒకటి హిందీతో పాటు తెలుగు పేరునే మూలంగా చెబుతుంది. ఆ నిఘంటువే మూడో హక్కుదారును కూడా పిలుస్తుంది. అది ఉర్దూలో ఖాఫ్ అక్షరంతో రాసే 'ఖులీ'. దాని వెనక తురకీ భాషలోని 'ఖుల్' ఉంది. దాసుడు, బానిస అని అర్థం.

ఈ మూడో మాట హైదరాబాదు వాళ్లకు కొత్త కాదు. గోల్కొండ రాజ్యం స్థాపించిన తుర్కమాన్ వీరుడి పేరు సుల్తాన్ ఖులీ. 1591లో హైదరాబాదు నగరం కట్టించినవాడు ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా. మనం కులీ అని రాస్తాం గాని ఆ పేరులోని ఖులీ అంటే దాసుడు. ముహమ్మద్ ఖులీ అంటే ప్రవక్తకు దాసుడు, అలీ ఖులీ అంటే అలీకి దాసుడు. మన రామదాసు, వెంకటదాసు ఎలాంటివో అవీ అలాంటివే. దాసుణ్ని అని చెప్పుకోవడం ఆ రాజులకు బిరుదు, ఎందుకంటే ఎవరికి దాసుడో కూడా ఆ పేరులోనే ఉంది. చార్మినార్ నీడలో మూటలు మోసే మనిషినీ, చార్మినార్ కట్టించిన రాజునూ దాదాపు ఒకే ధ్వనితో పిలిచిన నగరం ప్రపంచంలో ఇంకొకటి ఉందని నేను అనుకోను.

ముగ్గురిలో ఎవరిది గెలుపు? నా తీర్పు నేను చెబుతాను. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో కోఠీ పెట్టుకుంది. డచ్చివాళ్లు అంతకు ముందే అక్కడున్నారు. ఓడలోంచి సరుకు దించాలన్నా, అద్దకం గుడ్డల మూటలు రేవుకు చేర్చాలన్నా ప్రతి పూటా కూలి మాట్లాడుకోవలసిందే, సాయంత్రానికి కూలి ఇవ్వవలసిందే. తూర్పు తీరంలో వర్తకుడి చెవిన రోజూ పడిన మాట అది. పడమటి తీరంలో కోలీ అనే జాతి పేరు అప్పటికే వాళ్ల కాగితాల మీద ఉంది. ఉత్తరాదికి పోయేసరికి ఖులీ అనే దాస్యవాచకం సిద్ధంగా ఉంది. మూడూ ఒకే చెవికి ఒకేలా వినిపించాయి. మనిషిని కోలీ ఇచ్చింది, పనిని కూలి ఇచ్చింది, లొంగుబాటును ఖులీ ఇచ్చింది. ఇంగ్లీషు మాట ఈ మూడింటి కలయిక. అయితే మూడూ కలిసిన చోట మనం ఇచ్చిన భాగమే, ఆ సొమ్ము భాగమే, ముందుగా కరిగిపోయింది.

మన భాషలో కూలికి ఎదురుమాట ఒకటుంది: వెట్టి. సంస్కృతంలో విష్టి అంటారు, అర్థశాస్త్రంలో కూడా ఉంది. పని ఉంటుంది, ప్రతిఫలం ఉండదు. తెలంగాణలో 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటానికి మూలకారణాల్లో వెట్టి ముందు వరుసలో ఉంటుంది. కూలికి పోయేవాడు రేపు రానని చెప్పగలడు. వెట్టివాడు చెప్పలేడు. పల్లెల్లో ఈ రెండు మాటలూ వేరు. ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, 19వ శతాబ్దంలో ఓడలెక్కిన లక్షల మంది బతుకు కచ్చితంగా ఈ రెండు మాటల నడుమ పడింది. చేతికి కూలి వస్తుంది, కాని రేపు రానని చెప్పే హక్కు ఉండదు. దానికి మన భాషలో అప్పటికి పేరు లేదు. ఇంగ్లీషు అగ్రిమెంటును నోటికి తిప్పుకుని ఉత్తరాదివాళ్లు 'గిర్మిట్' అన్నారు.

బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది, 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. చెరకు తోటలకు మనుషులు కావాలి. అదే ఏడాది నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది ఒప్పంద పనివాళ్లను మారిషస్ చేర్చింది. ఆ తర్వాత ఆ చిన్న దీవికి నాలుగున్నర లక్షల మందికి పైగా వెళ్లారు. పోర్ట్ లూయిస్ రేవులో వాళ్లు దిగిన చోటును చాలాకాలం కూలీ ఘాట్ అన్నారు. ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటున్నారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రేవు నుంచి పైకి ఎక్కే పదహారు రాతిమెట్లు ఇంకా ఉన్నాయి. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు పట్టుకుని ఆ దీవికి పోయిన తెలుగువాళ్లను కోరంగీలు అన్నారు. వాళ్ల సంతతి ఈరోజుకీ ఉగాది చేసుకుంటుంది. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం.

దక్షిణాఫ్రికాలోని నేటాల్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మాటలోంచి సొమ్ము ఎలా తప్పుకుందో అక్కడ లెక్కలతో సహా కనిపిస్తుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా మొత్తం 1,52,184 మంది వెళ్లారు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే ఎక్కువ, వారిలో తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. ఒప్పందం అయిదేళ్లది. కూలి మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు. ఏటా ఒక షిల్లింగు చొప్పున పెరిగి అయిదో ఏట 14 షిల్లింగులు. ఒప్పందం ముగిసి అక్కడే ఉండిపోతామన్నవాళ్ల మీద 1895లో నేటాల్ ప్రభుత్వం తలకు ఏడాదికి 3 పౌన్ల పన్ను వేస్తూ చట్టం చేసింది. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, మొదటి ఏటి కూలిలో ఆరు నెలల సొమ్ము. పదహారు దాటిన కొడుకుకూ, పదమూడు దాటిన కూతురికీ కూడా పన్నే. భార్య, భర్త, ఎదిగిన పిల్లలిద్దరు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌన్లు, అంటే 240 షిల్లింగులు. నెలకు 14 షిల్లింగుల చొప్పున ఇంటాయన ఏడాదంతా ఒళ్లు వంచితే వచ్చేది 168. పని చేసినందుకు సొమ్ము రావడం మాట అలా ఉంచి, ఆ దేశంలో ఉన్నందుకు ఎదురు సొమ్ము కట్టాలి. కట్టలేనివాడు మళ్లీ ఒప్పందానికి వేలిముద్ర వేయాలి. పన్ను ఉద్దేశమే అది. 1913లో న్యూకాసిల్ బొగ్గు గనుల్లో మొదలై తీరం వెంబడి చెరకు తోటలకు పాకిన సమ్మె ఈ పన్ను మీదనే. మరుసటి ఏడాది దాన్ని ఎత్తివేశారు.

గాంధీజీ 1893లో అక్కడ కాలు పెట్టేసరికి కూలీ అనే మాట పనిని కూడా వదిలేసి జాతి పేరుగా స్థిరపడి ఉంది. వర్తకుడైతే కూలీ వర్తకుడు, తాను కూలీ బారిష్టరు. కూలీలు ఉండవలసిన పేటకు కూలీ లొకేషన్ అని పేరు. ఆత్మకథలో ఆయన ఈ మాట మీద ఒక అధ్యాయమే రాశారు. మన తెలుగు, తమిళ పేర్ల చివర ఉండే స్వామిని తెల్లవాళ్లు 'సామీ' అని తిట్టులా వాడేవారనీ, స్వామి అంటే యజమాని అని తెలిసిన కొందరు మాత్రం నేను మీ యజమానిని కానే అని ఎదురు చెప్పేవారనీ ఆ ఆత్మకథలోనే ఇంకోచోట ఉంది. దక్షిణాఫ్రికాలో కూలీ అనే మాట ఇవాళ్టికీ గాయపరిచే మాటే. డర్బన్‌లో ఒక నాయుడు గారినో రెడ్డి గారినో పలకరిస్తూ మీ తాతలు కూలికి వచ్చారటగా అని మనం సహజంగా అనే వాక్యం అక్కడ మరోలా వినపడుతుంది. ఇక్కడినుంచి వెళ్లేవాళ్లు ఇది తెలుసుకుని వెళ్లాలి.

ఫిజీకి 1879 నుంచి 1916 వరకు అరవై వేల మంది వెళ్లారు. మద్రాసు రేవు నుంచి మనవాళ్ల ప్రయాణాలు 1903లో మొదలయ్యాయి. మగవాళ్లకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు 9 పెన్నీలు, అది కూడా కొలిచి ఇచ్చిన పని పూర్తయితేనే. ఆ దేశవాసుల భాషలో 'కోలీ' అంటే కుక్క. ఓవర్సీరు నోట కూలీ అని విన్న ఫిజీయన్లకు అది ఎలా వినిపించి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

చైనావాళ్లు ఈ మాటను తమ లిపిలో రాసుకోవడానికి రెండు అక్షరాలు ఎంచుకున్నారు. ఒకటి చేదు, కష్టం. రెండోది బలం. ఉచ్చారణ 'ఖూ-లీ'. ధ్వనికి ధ్వనీ కుదిరింది, అర్థానికి అర్థమూ కుదిరింది. అందుకే అది చైనా మాటేనని కొందరు నమ్ముతారు గాని, హిందూదేశపు తీరాల రాతల్లో అది అంతకు ముందే ఉంది. 1847 నుంచి 1874 వరకు దాదాపు లక్షా పాతిక వేల మంది చైనీయులను క్యూబా చెరకు తోటలకు ఈ పేరుతోనే తీసుకుపోయారు. అమెరికా కాంగ్రెసు 1862లో ఈ కూలీ వ్యాపారంలో అమెరికా ఓడలు పాల్గొనకూడదని చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా రాష్ట్రం చైనీయుల మీద ప్రత్యేక పన్ను వేస్తూ ఇంకో చట్టం చేసి దానికీ కూలీ పేరే తగిలించింది.

డచ్చివాళ్లు సుమత్రా పొగాకు తోటల కోసం 1880లో కూలీ ఆర్డినెన్సు తెచ్చారు. పని మానితే శిక్ష అని రాసిన శాసనం అది. అదే మాటకు అదే దేశంలో ఇంకో బతుకు కూడా దొరికింది. ఇండోనేషియాలో పత్రికా విలేకరిని 'కులి తింతా' అంటారు, సిరా కూలీ అని. జర్మనీలో 1928లో, తర్వాత రాట్రింగ్ అని పేరు పొందిన కంపెనీ ఒక కొత్త కలానికి 'టింటెన్‌కులి' అని పేరు పెట్టింది, అర్థం అదే. ఇప్పుడు జర్మన్ పిల్లలు బాల్‌పెన్నును ఉత్త 'కులి' అంటారు. పరీక్ష హాల్లో పక్కవాణ్ని ఒక కులి ఇవ్వమని అడుగుతారు. యజమాని ఏం రాయమంటే అది రాసే వస్తువు, అలుపూ సొలుపూ లేని వస్తువు, జీతం అడగని వస్తువు. మచిలీపట్నం రేవు మాట అంత దూరం పోయి వస్తువుగా కూడా మారిందంటే, అందులోంచి సొమ్ము ఎంత పూర్తిగా ఖాళీ అయిందో చూడండి.

తెలుగువాళ్ల కథ చాలా భాగం రంగూనులో ఉంది, మనం తక్కువ చెప్పుకుంటాం. కోరంగి 1839 నవంబరు ఉప్పెనలో దెబ్బతిన్నా దాని పేరు మాత్రం సముద్రం మీద బతికే ఉంది. బర్మాలోనూ తెలుగువాళ్లందరూ కోరంగీలే, వాళ్లది శ్రీకాకుళం అయినా విశాఖ అయినా. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి ఏటా స్టీమర్లలో వెళ్లి, ధాన్యం మిల్లుల్లో, రేవులో, రిక్షాల మీద పని చేసి, డబ్బు పోగయితే తిరిగి వచ్చేవారు. వాళ్లను తీసుకుపోయేది మేస్త్రీ. ఆ మాట పోర్చుగీసుది, మెస్త్రే అంటే గురువు, నేర్పరి. మేస్త్రీ ఊళ్లో బయానా ఇస్తాడు, అది అప్పు. అక్కడ ఓడల సరుకు ఎత్తి దించే స్టీవెడోరు కంపెనీ దగ్గర కూలి అతడే పుచ్చుకుంటాడు. తన వాటా, పై మేస్త్రీ వాటా, అప్పు కంతు తీసి మిగిలింది ఇస్తాడు. కూలికీ కూలివాడికీ మధ్య ఇన్ని చేతులు.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు పనివాళ్లు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. తర్వాత తెలుగువాళ్లతో రాజీ కుదిరి కొంత కూలి పెంచి వాళ్లను వెనక్కి పిలిచారు. కొత్తగా చేరిన బర్మీయులను ఇక అక్కర్లేదన్నారు. మే 26న ఇరుపక్షాలూ రేవులో ఎదురుపడ్డాయి. అక్కడ రేగిన అల్లర్లు నగరమంతా పాకాయి, ప్రభుత్వ లెక్కల్లోనే వందకు పైగా ప్రాణాలు పోయాయి, చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. దీన్ని జాతుల కొట్లాటగానే చరిత్ర రాసింది. జరిగిన క్రమం చూస్తే అది కూలి తగాదా. రెండు పక్షాలూ ఒకే సొమ్ము కోసం వచ్చినవాళ్లు, ఆ సొమ్ము ఎంత, ఎవరికి అన్నది నిర్ణయించినవాళ్లకు ఒక్క దెబ్బా తగల్లేదు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ దేశం నుంచి తిరిగొచ్చినవాళ్లు నిలబెట్టుకున్న పేట. ఆ పెద్దవాళ్ల నోటి మాటలు సేకరించడానికి ఇక ఎక్కువ కాలం లేదు.

మాటను తిట్టుగా పడినవాళ్ల మనవలే దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. గయానా కవయిత్రి రాజ్‌కుమారీ సింగ్ 1973లో నేను కూలీని అంటూ వ్యాసం రాసింది. మారిషస్ కవి ఖల్ తొరాబుల్లీ 1992లో 'కూలిట్యూడ్' అనే భావన తెచ్చాడు. 2013లో గాయుత్రా బహాదూర్ తన ముత్తవ్వ కథ రాసింది. ఆ ముత్తవ్వ 1903లో కలకత్తా నుంచి ఒంటరిగా, గర్భవతిగా గయానా ఓడ ఎక్కిన మనిషి. పుస్తకం పేరు 'కూలీ వుమన్'. ఆ మాట వాడవచ్చా కూడదా అని ఆమె ఎంతో తర్కించుకుని పెట్టిన పేరు అది. ఆ దేశాల్లో ఈ మాట ఉండాలా పోవాలా అన్నది వాళ్లు తేల్చుకోవలసిన విషయం. మనం సలహా చెప్పకూడదు.

మన దగ్గర తేల్చుకోవలసింది మనం. 2016 రైల్వే బడ్జెట్‌లో స్టేషన్ కూలీలను ఇకపై సహాయక్ అనాలని ప్రకటించారు. ఉద్దేశం మంచిదే. కాని తెలుగులో నేను దానికి ఒప్పుకోను. సహాయం ఊరికే చేసేది. కూలి లెక్క కట్టి ఇచ్చేది. మనిషి పేరులోంచి సొమ్మును తీసేస్తే ఏమవుతుందో నేటాల్‌లో చూశాం. 1991లో మన సినిమా హీరో కూలీ నెం.1 అని పేరు పెట్టుకుని నిలబడితే జనం చప్పట్లు కొట్టారు, ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. వ్యవసాయ కూలీ సంఘాలు తమ జెండా మీద ఆ మాటే రాసుకున్నాయి. ఉపాధి హామీ పనికి వెళ్లే ఆడమనిషి వారం చివర బ్యాంకు దగ్గర అడిగేది ఒకటే: నా కూలి పడిందా? ఆ ప్రశ్నలో ఈ మాట తిరుక్కురళ్ నాటి అర్థంతోనే ఉంది. దీన్ని మర్యాద పేరుతో మార్చనక్కర్లేదు. సమయానికి పడేలా చూస్తే చాలు.

ఇక ఇక్కడున్న భాషాశాస్త్ర విద్యార్థులకు ఒక పని అప్పగించి ముగిస్తాను. నేటాల్ ఓడల జాబితాలు పదిలంగా ఉన్నాయి. మారిషస్ వలస రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక వరుస: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటి మీది మచ్చలు. రాసినవాడు తెలుగు రాని గుమాస్తా, రాసింది ఇంగ్లీషు అక్షరాల్లో. ట ఏదో త ఏదో, ళ ఏదో ల ఏదో, డ ఏదో ద ఏదో అందులో తెలియదు. హ్రస్వదీర్ఘాలు అసలే లేవు. పైడమ్మ, పైదమ్మ ఒకటే అయిపోయారు. ఊరిపేర్లలో పాలెం ఏదో, వలస ఏదో, పుట్టుగ ఏదో తేలాలంటే ఆ జిల్లా మాండలికం తెలిసిన చెవి కావాలి. డర్బన్ నుంచో పోర్ట్ లూయిస్ నుంచో మా ఊరు ఎక్కడ అని ఉత్తరం రాసే కుటుంబాలకు చరిత్రకారుడి కంటే ముందు మాండలికం తెలిసిన మనిషి అక్కరకు వస్తాడు. కృష్ణమూర్తి గారు పొలం మాటలకు వేసిన పద్ధతే దీనికి సరిపోతుంది: జిల్లా వారీగా, తాలూకా వారీగా, విన్నది విన్నట్టు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు, ఈ నాలుగు పాత జిల్లాలతో మొదలుపెట్టవచ్చు. ఒక్కొక్కరు ఒక్కో ఓడ జాబితా తీసుకోండి.